మీటల చప్పుడు

ఆమెకు ఆ పేరు పెట్టింది మ్యూజియం గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె రిజిస్టరులో సంతకం పెట్టడానికి వంగగానే "వచ్చేసింది మా మీటలక్క" అనేవాడు. మీటలు బాగుచేసే అక్క గనక మీటలక్క. మీటల కింద లక్క కరిగించి తోలు మెత్తలు అతికిస్తుంది గనక కూడా మీటలక్కే. ఎటు విడదీసినా అర్థం కుదిరిందని ఆయనకు మహా సంబరం. దొరికినవాళ్ళందరికీ విప్పి చెప్పేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి మ్యూజియంలో ఎవరికీ ఆమె అసలు పేరు గుర్తులేకుండా పోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లోనూ ఎవరూ మిగల్లేదు. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త తన దారి తాను చూసుకున్నాడు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. తమ్ముడు ఊళ్ళోనే ఉన్నా, వాడికి మొదటినుంచీ ఆమె "అక్కే". అదీ నెలకో ఫోను.

ఆమె పనిచేసే గది మ్యూజియం కింద, నేలమాళిగలో ఉండేది. పైన, కప్పుకు ఆనుకుని అడ్డంగా ఒకే ఒక కిటికీ. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ పాదాలు మాత్రం కనిపించేవి. గది మధ్యలో పొడుగాటి బల్ల, బల్ల మీద మెడ వంచే దీపం, సన్నమూతి పట్టకార్లు, ఆకురాళ్ళు, మేకతోలు ముక్కలు, లక్క కడ్డీలు. గోడల చుట్టూ అద్దాల బీరువాలు. వాటిలో మూడు వందల పన్నెండు వాయిద్యాలు. అన్నీ ఊదేవే. బీరువాల మీద పాత అక్షరాల్లో ఒక బోర్డు: "ఊదరాదు." మనిషి ఊపిరిలో తడి ఉంటుంది, ఆ తడికి పాత చెక్క పగులుతుంది, పాత ఇత్తడికి చిలుము పడుతుంది. అందుకని ఆ రూలు. అందరికీ వర్తిస్తుంది, ఆమెకు కూడా.

నిజానికి ఆమె నేర్చుకున్నది టైపు మిషన్ల పని. పెదనాన్నకు టైపు మిషన్లు బాగుచేసే దుకాణం ఉండేది. భర్త వెళ్ళిపోయాక పుట్టింట్లో ముడుచుకుని కూర్చున్న ఆమెను ఆయనే పిలిచి, "ఏడవాలనుంటే ఏడువు తల్లీ, చేతులు మాత్రం ఖాళీగా ఉంచకు" అని స్ప్రింగుల డబ్బా ముందు పెట్టాడు. ఆరేళ్ళలో ఆమె ఆయన్ను మించిపోయింది. ఈలోగా టైపు మిషన్లకే కాలం చెల్లింది. దుకాణం మూతపడబోయే రోజుల్లో అప్పటి మ్యూజియం క్యూరేటరు, ముసలాయన, ఆఫీసు మిషను ఒకటి పట్టుకొచ్చాడు. ఆమె రెండు పట్టకార్లతో వెంట్రుకలాంటి స్ప్రింగును వంచి, కొక్కేనికి తగిలించడం కళ్ళప్పగించి చూశాడు.

"క్లారినెట్టు మీట కూడా ఇలా సరిచేయగలవా అమ్మా?"

"ఊదేవాటికి కూడా మీటలుంటాయా అండీ?" అని ఆమె నవ్వేసింది. పెదనాన్న చాన్నాళ్ళకు చూసిన నవ్వట అది. పై నెలనుంచీ ఆమె మ్యూజియంలో చేరింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఒకటి.

ఉన్నవాటిలో ఆమెకు ప్రాణం ఒక మీటల బాకా. మామూలు బాకా అంటే వంపులు తిరిగిన ఇత్తడి గొట్టం, అంతే. పెదవులు బిగించి ఊదితే అయిదారు స్వరాలు పలుకుతాయి. వాటి మధ్యవి తలకిందులుగా తపస్సు చేసినా పలకవు. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరికో తోచింది, పిల్లనగ్రోవికిలాగా దీనికీ పక్కన చిల్లులు పెడితే ఏం పోయిందని. పెట్టారు. కానీ లావుపాటి గొట్టానికి చిల్లులూ పెద్దవే కావాలి. వేలితో మూద్దామంటే చాలదు. పైగా ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. అందుకని ఒక్కో చిల్లుకూ ఒక ఇత్తడి మూత, మూత లోపల గాలి పోకుండా తోలు మెత్త, దూరంనుంచే మూత ఎత్తడానికి పొడుగాటి మీట, వేలు తీయగానే మూత మళ్ళీ పడడానికి కింద ఒక స్ప్రింగు రేకు. ఆమె బాకాకు అలాంటివి ఏడు. ఆరు ఎప్పుడూ మూసుకునే ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. బాకా వెడల్పాటి నోటికి దగ్గరగా ఉన్న ఏడోది మాత్రం ఎప్పుడూ తెరుచుకుని ఉంటుంది, నొక్కితేనే మూసుకుంటుంది. "ఇంటిల్లిపాదీ పడుకుంటే ఇదొక్కటి కాపలా కాస్తుంది" అనేది ఆమె. తరవాత పైన మూడు బొత్తాలు నొక్కి ఊదే పిస్టన్ల బాకాలు వచ్చాయి. ఊదడం తేలిక, స్వరాలన్నీ ఒకే తీరు. ఇంకేముంది, ముప్ఫై నలభై ఏళ్ళు తిరక్కుండా మీటలవి అటకెక్కాయి.

ఇరవై ఆరేళ్ళు ఆమె ఇలాంటి మీటలు సరిచేసింది. విరిగిన స్ప్రింగు రేకు మార్చడం, ఎండి అట్టయిపోయిన మెత్త ఊడదీసి కొత్తది కత్తిరించడం, లక్క కరిగించి మూతలో కూర్చోబెట్టడం. మెత్త కింద పల్చటి కాగితం ముక్క పెట్టి లాగి చూసేది. చుట్టూ ఒకేలా పట్టి వదిలితే సరిగ్గా కూర్చున్నట్టు. కానీ ఆ వాయిద్యాల్లో ఒక్కదాన్ని కూడా ఎవరైనా ఊదగా ఆమె వినలేదు. ఆమె విన్నదల్లా చప్పుడే. మెత్త చిల్లు మీద పడ్డప్పుడు గొట్టంలో గాలి అదిరి "టప్" మంటుంది. నోటి దగ్గరి చిల్లయితే బరువుగా, పైకి వెళ్ళేకొద్దీ తేలిగ్గా. కళ్ళు మూసుకుని వింటే ఏ మీటో చెప్పగలిగేది. ఒక్కోసారి పని అయిపోయాక బాకాను ఒళ్ళో పెట్టుకుని మీటలన్నీ వరసగా నొక్కేది. ఆ గదిలో ఆమెకు జవాబిచ్చేది అదొక్కటే.

ఆమె యాభై ఏడో ఏట, కొత్తగా వచ్చిన క్యూరేటరు మేడం మెట్లు దిగి కిందికి వచ్చింది. మేడం అలా రావడం అదే మొదటిసారి.

"పైన కొత్త గ్యాలరీ పెడుతున్నాం. చూడడమే కాదు, జనం వినాలి కూడా. మీ మీటల బాకాను ఊదిద్దామనుకుంటున్నాను."

మీటలక్క చేతిలో ఆకురాయి అలాగే ఆగిపోయింది. "ఊదరాదు కదండీ."

"మ్యూజియం కమిటీతో మాట్లాడాను. మూడు రోజులు అయిదేసి నిమిషాలు, రికార్డింగు రోజున పది నిమిషాలు. అంతకంటే ఒక్క ఊపిరి ఎక్కువైనా నా ఉద్యోగం ఊడుతుంది. మీరు దాన్ని సిద్ధం చేయగలరా?"

"చేస్తానండీ" అంది. మేడం వెళ్ళిపోగానే బీరువా తెరిచి బాకాను బల్ల మీదికి తెచ్చింది.

నాలుగు నెలలు పట్టింది. పాత మెత్తలు తీసి, ఏ మీటదో రాసి కవర్లలో దాచింది. కొత్తవాటికి తోలు కత్తిరించి, లోపల ఉన్ని కూరి, గుండ్రంగా కుట్టింది. రెండు స్ప్రింగులు నీరసించాయి. వాటిని కొద్దిగా వంచి బలం తెచ్చింది. ఊదడానికి మనిషిని వెతికి పెట్టింది మాత్రం మేడమే. ఆయన ఒక ఫ్యాక్టరీ బ్యాండులో ముప్ఫై ఎనిమిదేళ్ళు బాకా ఊది రిటైరైన మాస్టారు. అరవై ఎనిమిదేళ్ళు, ఒంటి మనిషి, భార్య పోయి మూడేళ్ళు. వస్తూనే బల్ల మీద ఉన్నదాన్ని చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇదేంటమ్మా, బాకాకు కాళ్ళూ చేతులూ మొలిచాయి!"

ఆమె తెల్ల నూలు గ్లౌజులు ఆయన చేతికిచ్చింది. "ఊదకూడదు మాస్టారూ. నెలన్నర పాటు వేళ్ళు మాత్రమే."

"నెలన్నరా? ఊదకుండా? అన్నం ముందు పెట్టి వాసన చూసి వెళ్ళమన్నట్టుంది."

అయినా వచ్చాడు. వారానికి మూడు రోజులు, పదకొండింటికి. మొదట్లో వేళ్ళు అస్సలు మాట వినలేదు. పిస్టన్ల బాకాలో బొత్తాం నొక్కితే గాలి దారి పొడవై స్వరం కిందికి దిగుతుంది. ఇందులో మూసిన చిల్లు తెరుచుకుంటే దారి పొట్టిదై స్వరం పైకి పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు అడ్డం తిరిగింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఇది నేర్చుకోవడం కాదమ్మా, నేర్చుకున్నది మరిచిపోవడం. ఈ వయసులో మరుపు ఎలాగూ వస్తుంది కదా అనుకుంటే, కావలసినప్పుడు రాదేం?"

ఆయన ఎంచుకున్నది బ్యాండులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి నెలలో నేర్పే చిన్న బాణీ. మనసులో పాడుకుంటూ మీటలు నొక్కేవాడు. గదిలో టప్ టప్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ఎదురుగా కూర్చుని తోలు కత్తిరించుకుంటూ ఉండేది. నాలుగో రోజో అయిదో రోజో, తల ఎత్తకుండానే "అది కాదు మాస్టారూ" అంది.

"ఏది కాదు?"

"మొన్న అక్కడ మూడో మీట నొక్కారు. ఇవాళ నాలుగోది."

ఆయన వేళ్ళు చూసుకున్నాడు. నిజమే, నాలుగోదే. "బాణీ నీకు తెలుసా?"

"తెలీదండీ. చప్పుడు తెలుసు."

ఆయన బాకా బల్ల మీద పెట్టేశాడు. తరవాత నెమ్మదిగా, గొంతు తగ్గించి ఆ బాణీ పాడాడు, ఒక్కో స్వరానికీ ఒక్కో మీట చూపిస్తూ. ఆమె వింటూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె విన్న మీటల చప్పుడు అడుగుల చప్పుడులాంటిది. ఆ అడుగులు వేసే మనిషిని ఆయన అప్పుడే ఆమెకు చూపించాడు.

ఆ రోజునుంచీ ఆయన కూడా ఆమెను అక్క అనడం మొదలుపెట్టాడు. "మీరు నాకంటే పదకొండేళ్ళు పెద్ద, నన్ను అక్కంటారేంటి?" అంటే, "నువ్వు ఊరందరికీ అక్కవని గేటు దగ్గర చెప్పారు. రూలు తప్పితే లోపలికి రానివ్వరేమోనని భయం" అనేవాడు. మధ్యాహ్నం భోజనం డబ్బాలు విప్పుకుని ఇద్దరూ బల్ల చివర కూర్చునేవాళ్ళు. ఆయన వంట ఆయనే చేసుకుంటాడు. ఒక రోజు ఉప్పు ఉండదు, ఒక రోజు రెండు రోజుల ఉప్పు ఉంటుంది. భార్య గురించి చెప్పేవాడు. "ఊరంతా వినేలా ఊదుతావు, నేను చెప్పేది మాత్రం వినవు అనేది. ఇప్పుడు విందామంటే..." అని డబ్బా మూత పెట్టేసేవాడు. ఆమె తన సంగతులు పెద్దగా చెప్పేది కాదు. ఒకసారి మాత్రం, కిటికీలో కనిపించే పాదాలను చూపించి, "ఎర్ర చెప్పులావిడ మూడు వారాలుగా రావడం లేదు" అంది. ఆయన నవ్వలేదు. తరవాతిసారి వస్తూనే ముందు కిటికీ వైపు చూసి, "వచ్చిందా?" అని అడిగాడు.

ఊదడానికి అనుమతి ఉన్న మూడు రోజులూ ఒక తలుపు అవతలే గడిచాయి. కమిటీవాళ్ళు, తడి కొలిచే పరికరాలు, వచ్చే పోయే మనుషులు. ఆమెను బయట కూర్చోమన్నారు. మందపాటి తలుపులోంచి ఏమీ వినిపించలేదు. పై అంతస్తులో గోడలకు మెత్తలు కొట్టిన గదిలో రికార్డింగు పెట్టుకున్న రోజున మాత్రం మాస్టారు పట్టుబట్టాడు. "మీటకు ఏదన్నా అయితే ఎవరు చూస్తారు? అక్క లోపల ఉండాల్సిందే."

మొదటి స్వరం వచ్చింది. ఆమె అనుకున్నట్టు లేదు. ఆమె ఊహలో అది గంటలా మోగేది. ఇది మెత్తగా, కాస్త బొంగురుగా, నిద్రలేచిన మనిషి మొదటి మాటలా ఉంది. రెండో స్వరం ఇంకోలా. ఒకటి ఎదుట నిలబడి మాట్లాడినట్టు, మరొకటి పక్కగదిలోంచి పిలిచినట్టు. ఒక్కో స్వరం ఒక్కో చిల్లులోంచి బయటికొస్తుంది గనక ఏ రెండూ కలవవు. మాస్టారు ఆపి, మొహం చిన్నబుచ్చుకుని ఆమె వైపు చూశాడు.

"నా ఊదుడులోనే ఏదో లోపం అక్కా. సమంగా రావడం లేదు."

"మీ లోపం కాదు మాస్టారూ. అది అంతే. దాని గొంతే అంత."

మళ్ళీ మొదలుపెట్టాడు. బాణీ సగంలో ఉండగా మూడో మీట నొక్కితే మూత లేవలేదు. ఊపిరి తడికి కొత్త తోలు చిల్లుకు అంటుకుపోయింది. "అక్కా, చూడు" అన్నాడాయన. ఆమె లేచి, "కాస్త ఆగండి, వేలు తీయకండి" అంటూ కాగితం ముక్క మెత్త కిందికి తోసి, తడి అద్ది, మెల్లగా లాగింది. టప్ మని విడిపడింది. అద్దం అవతల కూర్చున్న రికార్డింగు ఇంజనీరు గడియారం చూపించాడు. మిగిలింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో మాస్టారు బాణీ మొదటినుంచి చివరిదాకా ఊదాడు, ఒక్క వేలు తప్పకుండా. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కన్నీళ్ళు వస్తాయేమోనని భయపడింది. రాలేదు.

ఆ తరవాత మాస్టారు రావడానికి కారణం లేకపోయింది. అయినా రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళ పెద్దక్క జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని, చూసుకునే దిక్కు లేదని, తాను వెళ్ళి అక్కడే ఉంటానని చెప్పాడు. "నిజం అక్క కదా, వెళ్ళక తప్పదు" అని నవ్వబోయాడు. ఆమె వంగి బల్ల మీద పడ్డ తోలు పీచులు ఏరుతూ, "వెళ్ళండి మాస్టారూ, పాపం పెద్దావిడ" అంది. గేటు దాకా సాగనంపలేదు. కిటికీ దగ్గర నిలబడితే కాసేపటికి ఆయన నల్ల బూట్లు వెళ్ళడం కనిపించింది. మొదట్లో ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. తరవాత పదిహేను రోజులకోసారి. అక్కగారికి రాత్రీ పగలూ తేడా లేదని, ఊపిరి సలపడం లేదని అనేవాడు. ఆమె ఒక్కసారీ తప్పు పట్టలేదు.

మూడు నెలలకు గ్యాలరీ తెరిచారు. బాకాను అద్దం పెట్టెలో నిలబెట్టారు. పక్కనే బటను, చెవులకు పెట్టుకునేవి. జనం పలచబడేదాకా ఆగి ఆమె వెళ్ళి పెట్టుకుంది. బటను నొక్కింది. బాణీ వచ్చింది, శుభ్రంగా. ఏదో తక్కువైంది. హెడ్‌ఫోను పాడైందేమోనని రెండోది పెట్టుకుంది. అందులోనూ అంతే. మూడోసారి విన్నాక అర్థమైంది. మీటల చప్పుడు లేదు. ఒక్క టప్ కూడా లేదు.

ఇంజనీరు గది వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన ఆమెను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు.

"అదా అండీ? తీసేశాను. గలగలమని ఒకటే రణగొణ. ఒక్కొక్కటీ వెతికి చెరిపేసరికి రెండు రోజులు పట్టింది తెలుసా!"

తిడదామని వచ్చింది. ఆయన ఎర్రబడ్డ కళ్ళు చూసి, "రెండు రోజులా? అంత కష్టపడ్డారా?" అంది. తరవాత తడుముకుంటూ, "చెరపనిది ఉందాండీ, ఇంకా?" అని అడిగింది. ఉంది. ఆమె ఫోనులో వేసి ఇచ్చాడు, మొత్తం, ముక్కలు చేయనిది.

తన గదికి వచ్చి తలుపేసుకుని పెట్టింది. మీటలన్నీ ఉన్నాయి. ఆమె వేళ్ళు బల్ల మీద వాటంతట అవే ఆడాయి. మధ్యలో బాకా ఆగింది. "అక్కా, చూడు." కుర్చీ కిర్రుమంది. ఆ వెంటనే ఎవరో ఆడమనిషి గొంతు: "కాస్త ఆగండి, వేలు తీయకండి." కాస్త బొంగురుగా, నిదానంగా. అది తనదేనని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. ఫోనులో మాట్లాడడమే గానీ, తన గొంతు తాను ఎప్పుడూ బయటినుంచి వినలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, అప్పుడు ఏడ్చింది, చాలాసేపు.

మరునాడు మేడం దగ్గరికి వెళ్ళి, చెరపనిది కూడా ఒక బటనుకు పెట్టమని అడిగింది. ఏం అడగడానికైనా ఆమె ఆ గదికి వెళ్ళడం అదే మొదలు. మేడం ఓపిగ్గా వింది. "జనం మిషను పాడైందనుకుంటారండీ" అంది. "సరే, చూద్దాం." మ్యూజియంలో చూద్దాం అంటే ఏమిటో ఆమెకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. రెండో బటను రాలేదు. మాస్టారుకు ఆ రికార్డింగు పంపించింది. నాలుగు రోజుల తరవాత ఫోను చేశాడు. "మా అక్కకు వినిపించాను. 'ఆ మాట్లాడిందెవర్రా' అంది. 'ఊదింది ఎవరని అడగవా?' అన్నాను. 'నువ్వు ఊదింది చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను లే' అంది." ఇద్దరూ నవ్వారు. అవతలనుంచి ముసలావిడ పిలుస్తోంది. ఆయన పెట్టేయాల్సొచ్చింది.

ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పింది. ఎదురుగా ఖాళీ స్టూలు. ఇరవై ఆరేళ్ళు ఒక్కతే తిన్నది ఆ గదిలోనే, ఏనాడూ లోటనిపించలేదు. ఇప్పుడెందుకో గోడలు దగ్గరికొచ్చినట్టయింది. డబ్బా మూత పెట్టి, చేతిలో పట్టుకుని మెట్లెక్కింది. పై అంతస్తులో గుమాస్తాలు, టిక్కెట్లమ్మాయి, లైబ్రరీ ఆవిడ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. ఆమెను చూడగానే మాటలాగాయి.

"ఏంటక్కా, కింద కరెంటు పోయిందా?" అన్నాడు జీతాల గుమాస్తా.

"లేదు బాబూ. ఊరికే వచ్చాను."

టిక్కెట్లమ్మాయి జరిగి చోటిచ్చింది. కుర్చీ చాలకపోతే లైబ్రరీ ఆవిడ పక్కగదిలోంచి ఒకటి లాక్కొచ్చింది. వాళ్ళు మళ్ళీ తమ మాటల్లో పడ్డారు: ఎవరి పిల్లకో లెక్కల్లో మార్కులు రాలేదని, ఎవరింట్లోనో పైపు కారుతోందని. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. చివర్లో, పైపు ఎక్కడ కారుతోందని అడిగింది. వాషరు అరిగి ఉంటుందని, తోలుది వేస్తే ఆగుతుందని, రేపు కత్తిరించి తెస్తానని చెప్పింది.

మరునాడు తెచ్చింది.